సెలవు రోజు నిండిన క్యాన్

2001 వేసవి. దబీర్‌పురాలో ఒక చిన్న ల్యాబ్‌లో నేను టెక్నీషియన్‌ని. కిడ్నీలో మళ్లీ మళ్లీ రాళ్లు వచ్చేవాళ్లను డాక్టర్లు ‘ట్వంటీఫోర్ అవర్ యూరిన్ ఆక్సలేట్’ పరీక్షకు పంపేవారు. ఆక్సలేట్ అంటే పాలకూరలో, చాయ్‌లో ఉండేదే. క్యాల్షియంతో కలిస్తే రాయి కడుతుంది. పరీక్ష చేయడం కంటే శాంపిల్ పట్టడమే కష్టం. పొద్దున లేవగానే వచ్చే మూత్రం పారబోయాలి. ఆ తర్వాత మర్నాడు పొద్దున మొదటిసారి వచ్చేదాకా చుక్క పోకుండా మగ్గులో పట్టి క్యాన్‌లోకి వంచాలి. ఆక్సలేట్ అడుగున పేరుకుపోకుండా క్యాన్‌లో మేమే కాస్త యాసిడ్ పోసి ఇచ్చేవాళ్లం.

యాదమ్మ కిషన్‌బాగ్ నుంచి వచ్చింది. ముప్పై దాటి ఉండవు. చార్మినార్ దగ్గర ఒక చీరల దుకాణంలో పని. రాళ్లు తీసినకొద్దీ వస్తున్నాయి. కుడి కిడ్నీ అప్పటికే వాచింది, ఇంకోసారి అడ్డుపడితే అది దక్కదని డాక్టర్ చెప్పేశాడట. ఆమె తెచ్చిన క్యాన్ నిండుగా ఉంది, రిపోర్టు నార్మల్ వచ్చింది. డాక్టర్ ఫోన్ చేసి నా మీద ఎగిరాడు. ఇన్ని నీళ్లు తాగే మనిషికి రాళ్లెందుకు వస్తాయయ్యా, అసలా శాంపిల్ ఎవరిదో కనుక్కో అన్నాడు.

ఆ మంటంతా ఆమె మీద చూపించి, ఇంకెవరిదైనా కలిపావా అని అడిగాను. ఆమె నాకంటే ఎక్కువ మండిపడింది.

“నాదే సార్. శుక్రారం దుకాణం బంద్ ఉంటది, గందుకే ఇంటికాడ పట్టిన. పనికాడ ఎట్ల పట్టాలె? ఆడ బాత్రూంకు తాళం ఉంటది.”

తాళమేమిటని అడిగితే అసలు సంగతి మెల్లగా బయటికొచ్చింది. బాత్రూం ఉంది, తాళంచెవి దుకాణం సేటు జేబులో ఉంటుంది. కొనడానికొచ్చినవాళ్లు అడిగితే తీస్తాడు, పనిచేసే ఆడవాళ్లకు తీయడు. అందుకే పొద్దున వచ్చింది మొదలు రాత్రి షట్టర్ దించేదాకా వాళ్లెవరూ నీళ్లు ముట్టరు. అదీ మే నెలలో! వచ్చినవాళ్లకు చల్లటి నీళ్లు అందించేది మాత్రం వాళ్లే.

ఈసారి పనిరోజున పట్టి తెమ్మన్నాను. సోమవారం పట్టిన క్యాన్ తెచ్చి బల్ల మీద పెడితే, ఖాళీదేమో అనుకున్నాను. మొత్తం ఇంతేనంది. రిపోర్టులో ఆక్సలేట్ మొత్తం దాదాపు మొదటి లెక్కే. కానీ నిండు క్యాన్‌లో కరిగి ఉన్నదంతా ఇప్పుడు రెండు గ్లాసుల్లో ఇరుక్కుంది. రాయి కట్టక ఏం చేస్తుంది?

రోజుకు మూడు లీటర్ల నీళ్లు తాగాలని డాక్టర్ చీటీ మీద రాసి, కింద గీత కూడా గీశాడు. ఆ చీటీ పట్టుకుని ఆమె నా దగ్గరికొచ్చింది.

“తాగుత సార్. తాగినంక ఏడికి పోవాలె?”

ఆ ఆదివారం నేనే దుకాణానికి వెళ్లాను. ఆమె పేరెత్తకుండా, మీ దగ్గర పనిచేసేవాళ్ల ఆరోగ్యం చెడుతోందని మర్యాదగానే చెప్పాను. యాదమ్మ చీరలు మడతపెడుతూ తల కూడా ఎత్తలేదు. ఉన్న పని కూడా పోతుందని భయం. సేటు నాకు చాయ్ తెప్పించి నవ్వాడు.

“తాళం తీస్తే గడియకొకసారి పోతరు సాబ్. నీళ్లు ఇంట్ల తాగుమనుండ్రి.”

దున్నపోతు మీద వాన! అతను అన్నం తింటాడా, గడ్డి తింటాడా? చాయ్ ముట్టకుండా లేచి వచ్చాను. అంతకుమించి ఏమీ చేయలేకపోయాను. ఇప్పటికీ ఆ కోపం చల్లారలేదు.

ఆనాటి నుంచీ క్యాన్ ఇచ్చేముందు ప్రతివారినీ అడుగుతాను: పట్టేది పనిరోజేనా, పనిచోట బాత్రూం ఉందా అని. కిడ్నీ ఇంట్లోనే పాడవ్వాలని లేదు.

మరుసటి వేసవిలో యాదమ్మ మళ్లీ వచ్చింది. కుడి కిడ్నీ తీసేశారు. ఇప్పుడు ఎడమవైపు నొప్పి. యాసిడ్ పోసి క్యాన్ అందిస్తూ, తాళం ఇంకా ఉందా అని అడిగాను.

“ఉంది సార్,” అంది. “శుక్రారం పట్టాల్నా, సోమారం పట్టాల్నా?”