నిన్న ఎవరితో మాట్లాడారు?

శ్రీనగర్ కాలనీలోని మా ఇంటికి ఇంగ్లిష్ నేర్చుకోవడానికి వచ్చేవాళ్ళలో ఒకామె డబ్బింగ్ ఆర్టిస్టు. ఫిల్మ్ నగర్ స్టూడియోల్లో తెలుగు రాని హీరోయిన్లకు గొంతు ఇస్తుంది. కూతురి బడికి వెళ్ళినప్పుడు టీచరుతో ఇంగ్లిష్‌లో మాట్లాడాలని ఆమె పట్టుదల.

ఆ రోజు 'స్పీక్' అనే క్రియను పట్టుకున్నాం. రోజూ చేసే పనికి 'ఐ స్పీక్', నిన్నటితో అయిపోయినదానికి 'ఐ స్పోక్', ఎప్పుడన్నది చెప్పకుండా ఇప్పటికే మాట్లాడేశానని చెప్పాలంటే 'ఐ హావ్ స్పోకెన్', ఇకముందు మాట్లాడబోయేదానికి 'ఐ విల్ స్పీక్' అని వివరించాను. ఒక్కసారి వినగానే నాలుగూ అప్పజెప్పింది. 'ఐ స్పోక్' దగ్గర గొంతు కొంచెం వణికించింది కూడా. నాకు ఒళ్ళు మండింది. నటన ఎవరడిగారు?

"చిలకపలుకులు వద్దు. నిన్న ఎవరితో మాట్లాడారో మీ సొంత వాక్యంలో చెప్పండి" అన్నాను.

ఆమె ఈసారి మామూలు గొంతుతో, తెలుగులోనే చెప్పింది.

"నిన్న పొద్దున్నుంచి సాయంత్రం దాకా హీరోయిన్ ఏడుపు సీన్లేనండీ. అలాంటి రోజుల్లో ఇంటికెళ్ళాక గొంతు దాచుకోవాలి. పాపకి ఏం చెప్పాలన్నా కాగితం మీద రాసి చూపిస్తాను. నిన్న ఎవరితోనూ మాట్లాడలేదండీ."

నేను పుస్తకం మూసేశాను.

"పాఠం ఇవాళ్టికి చాలు. ఇంటికెళ్ళి పాపతో కాసేపు కబుర్లు చెప్పండి, తెలుగులోనే."

ఆమె తలూపి లేచింది. గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ, అప్పటికే గొంతు బాగా తగ్గించేసి అంది.

"రేపు క్లైమాక్స్ డబ్బింగ్ ఉందండీ."