బెంగ పెట్టుకున్న కుక్కతో చీరాల ప్రయాణం

పదవీ విరమణకు రెండేళ్లు ఉందనగా నన్ను ప్రత్తిపాడు పశువైద్యశాలకు బదిలీ చేశారు. నా హోదా వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్. పేరులో అసిస్టెంట్ అని ఉన్నా ఆసుపత్రికి డాక్టరూ బాధ్యుడూ నేనే. పైన అసిస్టెంట్ డైరెక్టర్ ఉంటారు, మేము ఏడీ గారు అంటాం. నేను చేరింది మాఘమాసంలో. అప్పటికి పత్తి చివరి తీతలు, మిరప మొదటి కోతలు ఒకేసారి సాగుతున్నాయి. మా దగ్గరికి వచ్చేవి ఎక్కువగా గేదెలు, గొర్రెలు. కుక్కను ఎవరైనా తెస్తే అది టీకా కోసమే.

అందుకే ఆంజనేయులు అనే రైతు ఒక నల్ల కుక్కను మోపెడ్ మీద కాళ్ల దగ్గర పడుకోబెట్టుకుని వచ్చినప్పుడు ఏదో కరిచిందనుకున్నాను.

"కరవలేదండి సాయిబు డాక్టరు గారూ, కరిచినా బాగుండు. వారం నుంచి ముద్ద ముట్టటంలా. మా అన్న కుక్క అండి ఇది, నల్లోడు."

అన్న పేరు కోటయ్య. సంక్షిప్తంగా విషయం ఇది. కోటయ్యకు పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయింది. మాట కూడా సగమే వస్తోంది. వ్యాయామ చికిత్స కోసం భార్య ఆయనను చీరాలలో తన తమ్ముడి ఇంటికి తీసుకువెళ్లింది. పొలమూ కుక్కా ఆంజనేయులు చేతికి వచ్చాయి. కళ్లంలో ఎండబోసిన మిరపకాయకు కాపలా ఆ కుక్కే. అన్న వెళ్లిన రోజు నుంచి అది కళ్లం దగ్గర పడుకోవడం మానేసి, ఆయన వెళ్లిన కారు మలుపు తిరిగిన చోట రోడ్డు పక్కన కూర్చుంటోంది.

తినని జంతువును చూసే పద్ధతి ఒకటుంది. నోరు తెరిచి పళ్లు, గొంతు చూస్తాం. కడుపు తడిమి చూస్తాం. చిగుళ్లు పాలిపోయాయేమో, పిడుదుల వల్ల వచ్చే జ్వరం ఉందేమో గమనిస్తాం. రక్తపు చుక్కను గాజు పలక మీద పూసి గుంటూరు ప్రయోగశాలకు పంపుతాం. అన్నీ చేశాను. ఎక్కడా తేడా లేదు. చర్మం కింద సెలైన్ ఎక్కించి రెండు రోజులు చూశాను. డొక్కలు ఇంకా లోపలికి పోయాయి. మూడోసారి తెచ్చినప్పుడు అది తల ఎత్తలేదు.

"దీనికి మందు నా దగ్గర లేదు ఆంజనేయులూ. మీ అన్న దగ్గరికి చేర్చాలి. ఇంకో మూడు నాలుగు రోజులు ఇట్లాగే ఉంటే బతకదు."

"అక్కడ మా అన్న కూడా రోజూ అడుగుతున్నాడంటండి. నల్లోడు తిన్నాడా, నల్లోడు తిన్నాడా అని. తిన్నాడని అబద్ధం చెప్తంది వదిన. ఎట్టా తీసుకెళ్లేది? బస్సులో ఎక్కనివ్వరు. ఆటోవాణ్ని అడిగితే సీటు పాడవుద్ది అన్నాడు."

రైల్లో అయితే కుక్కను గార్డు పెట్టెలో విడిగా వేయాలి. ఆ స్థితిలో ఉన్నదాన్ని ఒంటరిగా పెట్టెలో వేయడం నాకు ఇష్టం లేకపోయింది. మిగిలింది నా కారు.

ఇక్కడ నా ఇబ్బంది చెప్పాలి. చిన్నప్పటి నుంచి మసీదులో చదువు నేర్చినవాణ్ని. శుక్రవారాలు మా జమాతులో రెండు మంచి మాటలు చెప్పే బాధ్యత నాది. మా ధర్మంలో కుక్కను ముట్టుకోవడం పాపం కాదు. పొడి బొచ్చు తగిలితే దోషం లేదు. దాని లాలాజలం తగిలిన చోటు మాత్రం శుభ్రంగా కడగనిదే ఆ బట్టతో నమాజు చేయరాదు. అందుకని వృత్తిలో ఉన్నన్నాళ్లూ ఆసుపత్రి బీరువాలో ఒక జత తెల్లబట్టలు విడిగా ఉంచుకున్నాను. అదే కారులో నా భార్య, నేను ప్రార్థనలకూ బంధువుల ఇళ్లకూ వెళ్తాం. దాహంతో అల్లాడే కుక్కకు బావిలో దిగి నీళ్లు తెచ్చి పోసిన మనిషిని దేవుడు మన్నించాడని చిన్నప్పుడు విన్నాను. ఆ మనిషి తన బట్టల గురించి ఏమనుకున్నాడో మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఇంటికి వెళ్లి సంగతి చెబితే నా భార్య వంటగదిలో నుంచే అంది: "ఎక్కించుకోండి, ఎవరొద్దన్నారు? సీటు మాత్రం మీరే కడుక్కోవాలి. నాతో కడిగించి పుణ్యం మీరు కొట్టేద్దామని చూడకండి."

ఆమె పోయి ఇప్పటికి చాలా కాలమైంది. కారు తాళం తీసినప్పుడల్లా ఆ వంటగది మాట వినిపించాలని ఉంటుంది. వినిపించదు.

డాక్టరు హెడ్‌క్వార్టర్ దాటాలంటే ఏడీ గారి అనుమతి కావాలి. ఫోన్ చేసి ఒక రోజు సెలవు అడిగాను. ఆయన నవ్వారు. "కారణం ఏం రాస్తారండీ? కుక్కకు బెంగ అనా?"

"సొంత పని అని రాస్తానండి" అన్నాను.

కుక్కతో కారు ప్రయాణానికి కొన్ని నియమాలున్నాయి. ముందు సీటులో కూర్చోబెట్టకూడదు. మెడ పట్టీకి కట్టకూడదు, బ్రేకు వేస్తే గొంతు పట్టేస్తుంది. ఛాతీ చుట్టూ పట్టీ వేసి సీటు బెల్టుకు తగిలించాలి. తల బయట పెట్టనివ్వకుండా అద్దం నాలుగు వేళ్లు మాత్రమే దించాలి. మూతి కట్టకూడదు, ఎందుకంటే కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు, నోరు తెరిచి రొప్పితేనే ఒళ్లు చల్లబడుతుంది. సీటు మీద కింద నీరు దిగని పట్టా, పైన మెత్తని నూలు గుడ్డ వేయాలి. ఇవన్నీ ఆంజనేయులుకు చెప్పి, పరుపు సంగతి అతనికి వదిలాను.

మర్నాడు పొద్దున వెళ్లేసరికి అతను పట్టా మీద నాలుగు గోనె సంచులు పరిచి ఉన్నాడు. కుక్కను వాటి మీద పడుకోబెట్టి పక్కన కూర్చున్నాడు. "మీ కారుకి మరక అంటదండి. దులిపి దులిపి పరిచా" అన్నాడు. అవి మిరపకాయ తొక్కి నింపిన సంచులు. ఆ కాలంలో మా ప్రాంతంలో గాలే మిరప. మా ఇద్దరి ముక్కులూ దానికి ఏనాడో అలవాటు పడ్డాయి.

పెదనందిపాడు దాటాక ఎండ ఎక్కింది, సంచులు వేడెక్కాయి. అంతదాకా చచ్చినట్టు పడి ఉన్న కుక్క ఒక్కసారి లేచి తుమ్మడం మొదలుపెట్టింది. మూతిని సీటుకేసి రుద్దుకుంది. కాళ్లతో కళ్లు గీరుకుంటూ, మూలుగుతూ ముందుకు దూకింది. ఛాతీ పట్టీ ఆపింది కాబట్టి స్టీరింగు మీద పడలేదు. రోడ్డు పక్కనే కాలువ. కారు ఆపి తలుపులు తీసేసరికి నా కళ్లూ మండుతున్నాయి.

"ఓరి నాయనో, సంచులండీ!" అని ఆంజనేయులు తల పట్టుకున్నాడు.

సంచులు బయట పారేశాం. సెలైన్ సీసాతో దాని కళ్లు కడిగాను. మిరప మంట నీళ్లతో పోదు. పక్క చేలో పత్తి తీస్తున్న ఆడవాళ్లు గట్టెక్కి చూస్తున్నారు. ఆంజనేయులు వాళ్లకు కుక్క బెంగ సంగతి చెప్పాడు, మజ్జిగ ఉందా అని నేను అడిగాను.

వాళ్లలో పెద్దామె క్యారియర్ తెస్తూ అంది: "కుక్కకి కారు, కుక్కకి డాక్టరు, ఇప్పుడు కుక్కకి మజ్జిగ! మా ఆయనకి జొరమొస్తే మాత్రం నడిపించుకుపోయా."

"మీ ఆయన ఎప్పుడైనా నీ మీద బెంగ పెట్టుకున్నాడా ఏంది?" అని ఇంకొకామె అందుకుంది. "పెట్టుకుంటే నేనూ కారు మాట్లాడేదాన్నే!" అని పెద్దామె. అందరూ నవ్వారు.

మజ్జిగలో గుడ్డ ముంచి మూతి తుడిచాను. నల్లోడు నాలుక బయట పెట్టి నాకాడు. మళ్లీ నాకాడు. ఆంజనేయులు ముఖం వెలిగింది.

"తాగుతున్నాడండి! ఇంక చీరాల దేనికండి, ఇంటికి పోదాం. కళ్లంలో కాయ దిక్కు లేకుండా ఉంది."

అతని అవసరమూ నిజమే. కాపలా లేని కళ్లంలో మిరపకాయ రాత్రికి రాత్రి మాయమవుతుంది. కానీ మంటకు నాకడం వేరు, ఆకలికి తినడం వేరు. ఆ తేడా చూడటమే మా పని. క్యారియర్‌లో ఉన్న అన్నం ముద్ద మజ్జిగలో కలిపి ముందు పెట్టమన్నాను. కుక్క వాసన చూసి ముఖం తిప్పుకుని, ఊళ్లో మలుపు దగ్గర చూసినట్టే రోడ్డు వైపు చూసింది.

ఆంజనేయులు ఆ ముద్ద తీసి పక్కన పెట్టాడు. తరువాత "సరే పోనీండి" అన్నాడు.

పెద్దామె పత్తి ఏరి వేసుకునే ఒడి గుడ్డ విప్పి ఇచ్చింది. ఉతికి ఉతికి మెత్తబడిన పాత చీర ముక్క. కుక్క దాని మీద ముడుచుకుని పడుకుంది. పర్చూరు దగ్గర నీడలో ఆపి కాసిని నీళ్లు చూపించాం. చీరాల చేరేదాకా మళ్లీ లేవలేదు.

మగ్గాల చప్పుడుతో నిండిన ఇరుకు సందులో ఆ ఇల్లు. కారు సందు మొదట్లోనే ఆగిపోయింది. తలుపు తీయగానే నల్లోడు ముక్కు గాలిలోకి ఎత్తాడు. నడవలేనిది తూలుతూ నడిచింది. మేము వెనక వెళ్లేసరికి అరుగు మీది మంచం పక్కన ముందుకాళ్లు పట్టె మీద వేసి నిలబడి ఉంది. కోటయ్య ఎడమ చెయ్యి దాని మెడ మీద ఉంది. ఆయన తల వంచి, ఇంకా మిరప వాసన వేస్తున్న ఆ బొచ్చులో ముఖం పెట్టాడు. చాలాసేపు అట్లాగే ఉన్నాడు.

తల ఎత్తి తమ్ముణ్ని చూసి, మాట కూడదీసుకుని అన్నాడు: "కాయ... బాగా ఎండినట్టుందిరా."

"ఎండిందన్నా. ఎర్రగా నిప్పులా ఉంది."

"మరి ఏరా... కాపలా ఎవడ్రా?"

"నేనేలే. ఇవ్వాళ్టి నుంచి నేనే మొరుగుతా."

కోటయ్య మూతి ఒక పక్కకు నవ్వింది. ఆయన భార్య కళ్లొత్తుకుంటూ పెరుగన్నం తెచ్చింది. మొదటి ముద్ద ఆయన ఎడమ చేత్తో పెట్టాడు. కుక్క తిన్నది. ఎక్కువ పెట్టవద్దని, రోజుకు ఐదారు సార్లు కొద్దికొద్దిగా పెంచాలని చెప్పాను. వారానికి పైగా పస్తున్న పేగు ఒక్కసారిగా భోజనం తట్టుకోలేదు.

సందు మొదట్లో బావి దగ్గర సీటు కడిగి, చేతులు కడిగి, తెచ్చుకున్న తెల్లబట్టలు మార్చుకుని దగ్గరి మసీదులో సాయంత్రపు అసర్ నమాజు చేశాను.

కోటయ్య మళ్లీ పొలానికి రాలేదు. చీరాలలోనే ఉండిపోయాడు, కుక్క కూడా. ఆంజనేయులు ఆ ఏడు మిరప అమ్మేదాకా కళ్లంలోనే పడుకున్నాడు.

ఈ సంఘటన నాకు నేర్పినవి రెండు. జంతువును బండిలో తీసుకువెళ్లేటప్పుడు పరిచే గుడ్డ మన సీటుకు కాదు, దాని ముక్కుకు సరిపోవాలి. తినడం మానేసిన జంతువుకు పళ్లు, కడుపు, రక్తం చూసిన తరువాత, సెలైన్ ఎక్కించే ముందు, తెచ్చినవారిని ఇంకొక మాట అడగాలి: మీ ఇంట్లో ఇప్పుడు ఎవరు లేరు? విరమణ పొందేదాకా ఆ ప్రశ్న అడుగుతూనే ఉన్నాను. చాలామంది దగ్గర జవాబు ఉండేది.