అండమాన్‌లో బయట కూర్చున్న మూడు రోజులు

ఏడో నెలలో బిడ్డ కడుపులోనే పోయాక నా చేతులు వణకడం మొదలైంది. గ్లాసు పట్టుకుంటే నీళ్లు ఒలికేవి. పొయ్యి మీది గిన్నె దించబోయి రెండుసార్లు కింద పడేశాను. అన్నం ముద్ద గొంతు దిగేది కాదు. అప్పుడు మేం చిల్కానగర్‌లో రెండు గదుల ఇంట్లో ఉండేవాళ్లం. అత్త, మామ, పెళ్లి కాని ఆడబిడ్డ, మా ఆయన, ఆరేళ్ల నా కూతురు, నేను. మా ఆయన నాచారం అవతల ఒక సర్కారీ కంపెనీలో గుమాస్తా. ఎనభైల నడిమి సంగతి ఇది.

పోయిన బిడ్డ గురించి ఇంట్లో ఎవరూ ఒక్క మాట మాట్లాడలేదు. పురుడు తీరగానే నన్ను వంటింట్లోకి పిలిచారు. వణుకు మాత్రం తగ్గలేదు. చివరికి మా ఆయన కంపెనీ దవాఖానాకు తీసుకుపోయాడు.

అక్కడి డాక్టరమ్మ నా రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుని చాలాసేపు పట్టుకుంది. పుట్టింటి నుంచి వచ్చాక నా చేతులు అట్లా ఎవరూ పట్టుకోలేదు.

"మందులతో తగ్గేది సగమేనండీ," అంది మా ఆయనతో. "ఈమెకి విశ్రాంతి కావాలి. ఓ పది రోజులు వంటిల్లు కనపడని చోటికి తీసుకెళ్లండి. సముద్రం గాలి తగిలితే ఇంకా మంచిది."

"ఎల్టీసీ ఉన్నది మేడం," అన్నాడు మా ఆయన సంబరంగా. "అండమాన్ పోయొస్తం."

ఎల్టీసీ అంటే నాలుగేళ్లకొకసారి కంపెనీ ఖర్చు మీద కుటుంబంతో దేశంలో ఎక్కడికైనా పోయి రావచ్చు. మా ఆయన ఆఫీసులో వాళ్లంతా ఒకరి తర్వాత ఒకరు అండమాన్ పోయి వచ్చారు, శంఖాలు తెచ్చి అలమారాల్లో పెట్టుకున్నారు. ఆ రోజు ఇంటికి వచ్చేటప్పుడు బస్సులో కిటికీ పక్కన కూర్చుని, వంటిల్లు కనపడని చోటు ఎట్లా ఉంటుందో ఊహించుకున్నాను. సముద్రం నేనెన్నడూ చూడలేదు కాబట్టి అది ఊహకు రాలేదు. పొయ్యి లేకపోవడం ఒక్కటే ఊహకు వచ్చింది.

ఇంటికొచ్చి చెప్పగానే అత్త ముఖం విప్పారింది. "మస్తు మంచిగుంటది కొడుకా. సచ్చేలోపల ఒక్కసారన్న సముద్రం సూడాలనుకుంటున్న. మరి ఆడ తిండెట్ల? నేను హోటల్ల ముట్టనాయె."

"స్టవ్ పట్టుకపోదం అమ్మా. బియ్యం, పప్పు గూడ పట్టుకపోదం."

"గట్లయితె సరే."

డాక్టరమ్మ చీటీలో ఉన్నది నేనొక్కదాన్ని. ఎల్టీసీ ఫారంలో ఆరుగురం అయ్యాం. నాకు అక్షరాలు వచ్చింది యాభై దాటాకే కనుక ఆ ఫారం నేను చదవలేదు. ఆయన పేర్లు పైకి చదువుతూ నింపుతుంటే విన్నాను. నా పేరు ఆఖరున ఉంది.

ఓడ టిక్కెట్లకు పోయే ముందు అత్త నన్ను పిలిచి అడిగింది. "ఏమే, మల్ల బయటెప్పుడుంటవ్?"

మా ఇంట్లో ముట్టయిన ఆడది మూడు రోజులు బయట ఉండాలి. వెనక వసారాలో చాప మీద కూర్చోవాలి. పొయ్యి ముట్టకూడదు, మనుషుల్ని ముట్టకూడదు. నాలుగో రోజు తలస్నానం చేసి లోపలికి రావాలి. ఆ మూడు రోజులు అత్త గొణుక్కుంటూ వండేది. నెల మొత్తంలో నా నడుము నేలకు ఆనేది అప్పుడే.

నేను చెప్పాను. అత్త వేళ్ల కణుపుల మీద లెక్క పెట్టింది. "నాలుగోనాడు తానం జేస్తవ్. ఆరోనాడు బయలెల్లుదం. మల్లొచ్చెదాక ఫికర్ లేదు. లేకుంటె అంత దూరం పోయి నేను పొయ్యి ముంగట కూసోవాల్నా?"

నా ఒంటి లెక్క ప్రకారం ఓడ టిక్కెట్లు తీశారు. మా ఆయన ఆఫీసులో ఎవరైనా ఆ తేదీలే ఎందుకని అడిగితే ఏం చెప్పాడో మరి.

బయల్దేరే ముందు రెండు వారాలు వంటింట్లోనే ఉన్నాను, బయట కూర్చున్న ఆ మూడు రోజులు తప్ప. సత్తుపిండి, పులిహోర పులుసు, రెండు డబ్బాల సకినాలు. వణికే చేతులతో సకినం చుట్టు తిరగదు. ఆడబిడ్డ ఒకటి తీసి చూసి పకపకా నవ్వింది. "వదినా, గివి సకినాలా, తొక్కిన జిలేబీలా?"

ఓడలో నాలుగు రోజులు. అక్కడ పొయ్యి వెలిగించనియ్యరు. అక్కడన్నా సుఖపడాల్సింది, కానీ ఆ నాలుగు రోజులూ వాంతులతోనే సరిపోయింది.

పోర్ట్ బ్లెయిర్‌లో దిగిన వసతిగృహంలో మాకు రెండు గదులిచ్చారు. వెనక వసారా ఉంది. వసారా దిగితే కొబ్బరిచెట్లు, వాటి కింద సముద్రం. అందరూ సముద్రం వైపు పరుగెత్తారు. అత్త మాత్రం స్టవ్ పెట్టడానికి మూల వెతికింది. కిరసనాయిలు దొరకకూడదని లోలోపల మొక్కుకున్నాను. గంటలో దొరికింది.

రెండు రోజులు అట్లాగే గడిచాయి. నేను పొద్దున్నే వండి కట్టి ఇచ్చేదాన్ని, వాళ్లు పోయి చూసి వచ్చేవాళ్లు. వచ్చేసరికి మళ్లీ వండాలి. పంపు కొట్టే స్టవ్ చేసే రొదలో సముద్రం చప్పుడు వినిపించేది కాదు. మా ఆయన ఒకసారి లోపలికి తొంగి చూసి, "గాలి మంచిగొస్తుంది గదా?" అన్నాడు. నన్ను అడుగుతున్నాడో, తనకు తను చెప్పుకుంటున్నాడో తెలియలేదు.

మూడో రోజు మోటారు పడవ మీద ఇంకో దీవికి పోవాలనుకున్నారు. పులిహోర కట్టమని అత్త అంది. బియ్యం కడుగుతుంటే గిన్నె జారింది. తడి బియ్యం నేలంతా పరుచుకుంది. కూర్చుని ఒక్కొక్క గింజా ఏరడం మొదలుపెట్టాను. సగంలో లేచి నిలబడ్డాను.

"అత్తమ్మా, నేను బయటున్న."

అది అబద్ధం. పెళ్లయ్యాక అత్తతో నేను ఆడిన మొదటి అబద్ధం.

అత్త చటుక్కున రెండడుగులు వెనక్కి వేసింది. తర్వాత కణుపులు లెక్క పెట్టింది. "పద్నాలుగు దినాలకేనా? గిదేం లెక్కనే?"

"నీళ్లు మారినయ్ గదనే," అన్నాడు మామ బయటి నుంచి.

అత్త నన్ను కింది నుంచి పై దాకా చూసింది. "ఇంకొక్కపారి గిట్ల లెక్క దప్పాలె, డాక్టరమ్మనే అడుగుత," అంది. నేను తల వంచుకుని చాప తీసుకుని వెనక వసారాలోకి పోయాను. లోపల అత్తా ఆడబిడ్డా బియ్యం ఏరుకుంటూ ఒకరినొకరు తిట్టుకోవడం వినిపించింది.

వాళ్లు పోయాక నిద్రపోయాను. పగటి పూట, వెలుతురులో, ఎవరైనా పిలుస్తారన్న భయం లేకుండా. లేచేసరికి ఎండ వాలింది. మర్నాడు చెట్ల కిందికి దిగి సముద్రంలో కాళ్లు పెట్టాను. నీళ్లు మోకాళ్ల దాకా వచ్చి పోయాయి. దేన్నీ ముట్టుకోకూడని దాన్ని అంత నీటిని ముట్టుకున్నానే అనుకుంటే నవ్వొచ్చింది. నవ్వు మొదలైన చోటే ఏడుపు వచ్చింది. పోయిన బిడ్డ కోసం అప్పటిదాకా నేను ఏడవలేదు. ఏడవడానికి చోటు ఉండాలి కదా. ఆ ఒడ్డున కూర్చుని, ఎవరూ ఊరుకోమనకుండా, కడుపు ఖాళీ అయ్యేదాకా ఏడ్చాను.

చాప మీద మూడో రోజు ఆకలి వేసింది. ఆడబిడ్డ దూరం నుంచి విస్తరి నెట్టింది. మాడిన కిచిడీ. వేళ్లు నాకి మరీ తిన్నాను. నీళ్ల గ్లాసు ఎత్తితే చుక్క తొణకలేదు. నా కూతురు రెండు గజాల అవతల కూర్చుని గవ్వలు పేర్చుతోంది. "అమ్మా, నిన్ను ముట్టుకోవచ్చా?" అని అడిగింది. "రేపు," అన్నాను. నా సుఖానికి దాన్ని దూరం పెట్టాను కదా అని ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. అయినా ఆ "రేపు" రాకుండా ఉంటే బాగుండని కూడా అప్పుడు అనిపించింది.

నాలుగో రోజు తలస్నానం చేసి స్టవ్ ముందు కూర్చున్నాను. మిగిలిన అయిదు రోజులూ అక్కడే.

తిరిగి వచ్చాక వాడకట్టులో అందరికీ అత్తే చెప్పింది. "సముద్రం గాలికి మా కోడలు సూడున్రి, ఎట్ల దేరిందో." అబద్ధమేం కాదు. దీవి మంచిది కాదని నేననను. మనిషిని మూడు రోజులు ఒంటరిగా వదిలేస్తే ఆ గాలి నిజంగానే ప్రాణం పోస్తుంది. ఆ మూడు రోజుల కోసం నేను అంటరానిదాన్ని కావాల్సి వచ్చింది, అంతే.

వచ్చిన రెండో రోజే నిజంగా ముట్టయ్యాను. ఒళ్లు తన లెక్క తను తప్పలేదు. ఇప్పుడు చెప్తే అత్త కణుపులు మళ్లీ పద్నాలుగు దగ్గరే ఆగుతాయి, సంగతి డాక్టరమ్మ దాకా పోతుంది. నోరు మూసుకున్నాను. నడుము విరిగిపోతున్నా ఆరుగురి ప్రయాణం బట్టలు ఉతికాను. దేవుడి దగ్గర దీపం ముట్టించాను. అత్తకు నా చేత్తోనే వడ్డించాను. ఆమె ఎప్పటిలాగే తిని, ఉప్పు తక్కువైందంది. ఇంకేమీ కాలేదు. అన్నేళ్లు నన్ను వసారాలో కూర్చోబెట్టిన భయం అంత బోలుదని తెలిస్తే సంతోషం కలగాలి. నాకు ఒళ్లు మండింది.

ఆ మర్నాడే డాక్టరమ్మ రమ్మన్న రోజు. మా ఆయన గదిలోకి పోతూనే మొదలుపెట్టాడు. "పది దినాలు పూరా రెస్ట్ మేడం. సముద్రం ముంగటనే రూము."

డాక్టరమ్మ నన్ను చేతులు చాపమంది. చాపాను. వేళ్లు మళ్లీ వణుకుతున్నాయి. ఆమె మా ఆయన్ని బయట కూర్చోమని తలుపు మూసింది.

"పది రోజులు పడుకుంటే ఇట్లా ఉండకూడదమ్మా."

"మూడు రోజులే మేడం."

"మిగతావి?"

"వంట జేసిన."

ఆ మూడు రోజులు ఎట్లా దొరికాయో చెప్పాను. ఈ రోజు నిజంగానే బయటున్నానని, పొద్దున ఆరుగురికి వండిపెట్టి వచ్చానని కూడా చెప్పాను. ఆమె నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు. కలం మూత పెట్టి లేచింది. తర్వాత తలుపు తీసి మా ఆయన్ని పిలిచింది.

"ఈమెకి మళ్లీ విశ్రాంతి కావాలండీ. ఈసారి నిజంగా."

మా ఆయన ముఖం వాడిపోయింది. నా వైపు చూశాడు. నిజంగానే బాధపడుతూ అన్నాడు.

"మల్ల నాలుగేండ్లకు గాని ఎల్టీసీ రాదు మేడం."