పాలవేళకు గ్రామసభ

దేవకుమారి చర్చి బడిలో ఆయాగా చేసి రిటైరైంది. ఊరికే కూర్చోవడం ఆమెకు చేతకాలేదు. సత్తెనపల్లి దగ్గర తమ ఊళ్లో చర్చివారి పాత పెంకుటిల్లు ఖాళీగా ఉంటే, ఊడ్చి, ఉయ్యాలలు కట్టింది. మిరప కోతలకు వెళ్లే తల్లులు పొద్దున్నే పిల్లల్ని అక్కడ దింపుతారు. ఎవరి దగ్గరా ఏమీ తీసుకోదు. గంజి కాస్తుంది, పాట పాడుతుంది. రెండూ కొంచెం పలుచనే.

ఈ ఏడు పంచాయతీ ఆ ఇంటికీ పన్ను వేసింది. చర్చివారు కట్టలేరు. కట్టకపోతే ఇంటికి తాళమే. సేవకు వాడే ఇంటికి పన్ను తీసేయాలా వద్దా, గ్రామసభలో చేతులెత్తి తేల్చమన్నారు. సభ కోతల రోజుల్లో పడింది. తల్లులంతా చేలల్లో ఉన్నారు.

పిల్లల్ని వదిలి రాలేక దేవకుమారి అందరినీ వెంటబెట్టుకుని వచ్చింది.

"పిల్లకాయలకు ఓట్లు లేవమ్మా దేవకుమారీ" అన్నాడు ముందు వరసలోంచి రైతు బుల్లయ్య. "ఇవాళ ఈ ఇంటికి తీసేస్తే రేపు ప్రతివాడూ నాదీ సేవే అంటాడు. ఆమాటకొస్తే నా గొడ్లచావిడీ సేవే. ఊరందరికీ పాలు పోస్తున్నా."

"నీళ్లు కూడా పోస్తున్నావుగా బాబాయ్!" అన్నారెవరో వెనకనుంచి. సభ నవ్వింది.

దేవకుమారి చంకలో ఉన్న పసివాడు, కోతకు వెళ్లిన జెస్సీ కొడుకు, ఏడుపు అందుకున్నాడు.

"ఊరుకోబెట్టండమ్మా" అంది సర్పంచి కోటిరత్నం.

"ఊరుకోడండీ. పాలవేళ. వాళ్లమ్మ రావాలి."

రోజూ ఆ వేళకు తల్లులు చేలనుంచి పాలివ్వడానికి వస్తారు. సభకు వెళ్తున్నానని దేవకుమారి వాళ్లకు చెప్పడం మరిచింది. ఖాళీ ఉయ్యాలలు చూసి హడలిపోయి, చేతులైనా కడుక్కోకుండా వాళ్లు ఏడుపు వినిపించిన పంచాయతీకి పరుగెత్తుకొచ్చారు. పిల్లలు చీరలు పట్టుకుని వేలాడారు. మిరప ఘాటు పసికళ్లకు తగులుతుందని తల్లులంతా చేతులు పైకెత్తి నిలబడ్డారు.

కోటిరత్నం లెక్కపెట్టబోయి ఆగింది. "పన్ను తీసేయాలనేనా ఎత్తింది?"

"పిల్లల కళ్ల కోసం ఎత్తామండీ" అంది జెస్సీ. "ఎటూ ఎత్తాంగా, దానికీ రాసుకోండి."

వాళ్లలో సగంమంది బుల్లయ్య చేలో కూలీలే. "ఏందమ్మాయ్, అందరూ ఇక్కడుంటే నా కాయలెవరు కోస్తారు?" అన్నాడతను.

"ఆ ఇల్లు మూస్తే రేపట్నుంచి పిల్లల్ని చంకనేసుకుని కోస్తామండీ. ఏమాత్రం తెగుతాయో మీరే చూసుకోండి" అంది జెస్సీ.

బుల్లయ్య మీసం సవరించుకున్నాడు. తర్వాత చెయ్యెత్తాడు. "త్వరగా లెక్కపెట్టు కోటిరత్నం. వీళ్లు కోతకు పోవాలి."

లెక్క ముగిసింది. పన్ను తీసేశారు. తల్లులు కుళాయి దగ్గరికి పరుగెత్తారు.

"దేవకుమారిగారూ, మీరు చెయ్యి ఎత్తనేలేదు" అంది కోటిరత్నం.

దేవకుమారి రెండు చంకల్లోనూ పిల్లలున్నారు.

"ఖాళీ ఏదండీ?" అంది.