గిర్దావరు సాబ్ విస్తట్లో మా ఇంటి జాగా

కట్టిన ఇల్లు కూలగొట్టినవాళ్లు లోకంలో చాలామందే ఉంటారు. కట్టకముందే కూలగొట్టినదాన్ని బహుశా నేనొక్కదాన్నే. గడ్డపార పట్టలేదు, పలుగు పట్టలేదు. చేతిలో ఉన్నది కూర గంటె. దానితోనే రెండు అర్రల ఇంటిని, అంటే రెండు గదులను, ముందు అరుగుతో సహా నేలమట్టం చేశాను. ఎట్లా చేశానో చెబుతాను. నవ్వేవాళ్లు నవ్వండి కానీ, అన్నం తింటూ మాత్రం చదవకండి. పొలమారుతుంది.

"రాస్తున్నవా బిడ్డా?" అని అడిగాను, నా మాటలు రాసుకుంటున్న మనవరాలిని.

"రాస్తున్న అవ్వా. జెర నిమ్మలంగ చెప్పు."

"నీ బడి తెలుగులకు మార్చుకుంటే మార్చుకో. తాత మాటలు మాత్రం ముట్టుకోకు."

నిమ్మళంగా మాట్లాడటం వచ్చి ఉంటే నాకు ఈ కథే ఉండేది కాదు. సరే, వినండి.

అది నైజాం కాలం. నాకు పెళ్లయి ఏడాది తిరగలేదు. మా పుట్టిల్లు జుక్కల్ వైపు. అటు జొన్న చేన్లు, నల్లరేగడి. నీళ్లంటే చేదబావి అడుగున ఎక్కడో అద్దం ముక్కంత మెరుపు. అత్తగారిల్లేమో ఎల్లారెడ్డి దగ్గర పల్లె. ఇంటి వెనక చెలక, అంటే మెట్ట చేను. చెలక దాటితే చెరువు. కాపురానికి వచ్చిన రోజే ఆ చెరువును చూసి, "ఇన్ని నీళ్లు మూత పెట్టకుంట ఎట్ల ఇడిసిపెట్టిన్రు అత్తా?" అని అడిగాను. కొడుక్కి ఎలాంటి పిల్లను తెచ్చిందో ఆమెకు అప్పుడే అర్థమై ఉంటుంది.

నాకు అడిగే రోగం ఉంది. ఈ ఆకేంటి? తింటారా? ఆ పిట్ట ఒంటికాలి మీద ఎందుకు నిలబడింది? రెండో కాలు నొప్పా? ఈ బొరియలో ఎవరుంటారు? ఎవరూ జవాబు చెప్పకపోతే నేనే బొరియలో చెయ్యి పెట్టేదాన్ని. జవాబు ఎండ్రికాయే చెప్పేది. వేలు పట్టుకుని మరీ చెప్పేది.

ఇక ఇంటి సంగతి. ఉన్నది చిన్న ఇల్లు. అందులో అత్త, బావగారు, తోడికోడలు, వాళ్ల పిల్లలు. కొత్త జంటకు మిగిలింది దూడల కొట్టంలో ఒక మూల. మాకూ దూడకూ నడుమ ఒక తడక. మా ఆయన నాతో ఏదైనా ముద్దుగా మాట్లాడబోతే తడక అవతలి నుంచి దూడ "అంబా" అని జవాబిచ్చేది. ఆయన గొంతు తగ్గిస్తే, సరిగా వినబడటం లేదని అది తడక సందులో మూతి పెట్టేది. మా కొత్త కాపురంలోని మాటలన్నీ నాకంటే ఆ దూడకే ఎక్కువ తెలుసు.

"మనకు తలుపున్న అర్ర ఒకటి గావాలె," అన్నాడు మా ఆయన ఒకరోజు, దూడ మూతిని అవతలికి నెడుతూ.

ఊళ్లో జాగా లేదు. మా చెలక చివర, చెరువు వైపు ఒక ముక్క నేల ఉంది కానీ అది శికం. అంటే చెరువు నిండితే నీళ్లు పరుచుకునే నేల. అక్కడ ఇల్లు కట్టనివ్వరు. అయితే ఒక దారి ఉంది. 'ఏండ్ల తరబడి ఇక్కడిదాకా నీళ్లు రావటం లేదు, నేల ఎండిపోయింది, మాకు మినహాయింపు ఇవ్వండి' అని మొరపెట్టుకుంటే తాలూకా కచేరీ నుంచి గిర్దావరు సాబ్ వస్తాడు. పట్వారీల మీద తనిఖీ చేసే అధికారి ఆయన. నేల చూసి, నిజమే అనుకుంటే ఇజాజత్ రాస్తాడు. ఇజాజత్ అంటే కట్టుకోమని ఒప్పుదల. అది వస్తే మాకు తలుపు. రాకపోతే దూడ.

మా ఆయన మంచి ఎండాకాలం చూసి మొరపెట్టుకున్నాడు. గిర్దావరు వస్తున్నాడని తెలియగానే అక్కడి పచ్చటి తుంగనంతా నాతో కోయించాడు. ఎండ్రికాయల బొరియలన్నీ తనే మట్టితో పూడ్చాడు. పైన ఎండుమట్టి చల్లాడు. చివరికి ఆ నేల ఏడాదిగా స్నానం చెయ్యని సన్యాసిలా తయారైంది.

"సాబ్ వస్తడు. జాగ చూస్తడు. మనింట్ల తింటడు. పోతడు," అన్నాడు నాతో. "నువ్వు మంచిగ వండాలె. నోరు మాత్రం తెర్వద్దు."

"ఇంకింత అన్నం ఎయ్యన్నా అని గుడ అడుగొద్దా?"

"అడుగు. గంతే!"

గిర్దావరు సాబ్ గుర్రం మీద వచ్చాడు. తెల్లగడ్డం, పెద్ద తలపాగా, చల్లటి మనిషి. నేల చూశాడు. చేతికర్రతో రెండు చోట్ల తట్టాడు. టకటకమంది.

"ఈడికి నీళ్లేడొస్తయ్? కట్టుకో. పోంగనే రాస్త," అన్నాడు.

మా ఆయన ఇంటికి నడిచి రాలేదు, తేలుతూ వచ్చాడు. అప్పటికి ఇల్లు ముప్పాతిక వంతు లేచినట్టే. కప్పు ఒక్కటే మిగిలింది. అదొచ్చేదాకా ఉన్న చిన్న ఇంట్లోనే చాప పరిచి సాబ్‌ను కూర్చోమన్నాను.

ఆయన చాపను వేళ్లతో తడిమాడు. నాకున్న రోగమే ఆయనకూ ఉందని అప్పుడు తెలిసింది.

"ఎంత మెత్తగున్నది! అంగట్ల కొన్నరా?"

నోరు తెరవొద్దన్నారు నిజమే. కానీ తండ్రి వయసువాడు అడిగితే బొమ్మలా నిలబడితే మా పుట్టింటివాళ్లు ఏం పెంచారని అనరా?

"కొనలేదు సాబ్. నేనే అల్లిన. తుంగ."

"అచ్ఛా! తుంగ యాడిది?"

"మా ఇంటి జాగలదే సాబ్. మొన్ననే కోసినం. నడుమెత్తు పెరుగుతది!"

మా ఆయన దగ్గాడు. అయ్యో, పొడి దగ్గు పట్టుకుందే అనుకున్నాను.

విస్తరి వేసి మొదట పొనగంటి కూర వడ్డించాను. సాబ్ ఒక ముద్ద తిని కళ్లు మూసుకున్నాడు.

"గింత ఎండల గింత లేత ఆకు యాడ దొరికింది బిడ్డా? మా ఇంట్ల అడిగితె ఎండకాలంల ఉండదంటరు."

"తడి ఉంటే ఎందుకుండది సాబ్? గాడ నేనే తెంపుకొచ్చిన. గా జాగల ఆ పక్కపొంటి మస్తున్నది."

తలుపు వెనక మా అత్త గిన్నె కింద పడేసింది. పెద్దావిడ, చేతులు వణుకుతున్నాయి పాపం అనుకున్నాను.

ఆ తర్వాత ఎండ్రికాయ పులుసు తెచ్చాను. అమ్మల్లారా, అయ్యల్లారా, నా వంటను నేనే పొగుడుకోకూడదు కానీ, ఆ వాసనకు బయట కట్టేసిన గుర్రం కూడా తల తిప్పింది. సాబ్ ఒక డెక్క పగలగొట్టి చప్పరించాడు. ఇంకొకటి. చివరికి తలెత్తి, "క్యా బాత్ హై! చెరువంత ఎండింది గద. గివి యాడ చిక్కినయి?" అన్నాడు.

"మీ పుణ్యమే సాబ్!" అన్నాను సంబరంగా. "మీరొస్తున్నరని మా ఇంటాయన బొర్రెలన్ని పూడ్చిండు. ఇగ అవి యాడికి పోతయి? ఉన్నకాడ్నే ఉన్నయి. నేను పోయి మల్ల తవ్వి పట్టుకొచ్చిన. కింద బురద చల్లగుంటది సాబ్, చెయ్యి పెడితే పాణం లేసొస్తది!"

మా ఆయనకు ఈసారి దగ్గు మామూలుగా రాలేదు. ముఖం ఎర్రబడింది, కళ్లు బయటికొచ్చాయి, రెండు చేతులూ గాలిలో ఆడించాడు. డెక్క గొంతులో ఇరుక్కుందేమోనని భయపడి చెంబు తెచ్చి నోట్లో పోశాను. మిగిలిన నీళ్లు సాబ్ గిలాసలో వంచాను. ఆయన తాగి పెదవులు తడుపుకున్నాడు.

"కొబ్బరి నీళ్ల లెక్కున్నయి. ఏ బాయియి?"

"బాయి కాదు సాబ్, చెలిమె. మోచేతి లోతు తవ్వితె ఊరుతయి. ఎండకాలంల గుడ ఆగవు!"

సాబ్ చేతిలో గిలాస అక్కడే ఆగిపోయింది.

"యాడ తవ్వినవు బిడ్డా?"

"మా అర్ర వచ్చేకాడ్నే. బిందె పట్టుకొని తిరిగే పని లేదు. మంచం మీదికెల్లి చెయ్యి చాపితే చెంబు మునుగుతది!"

నేను అందరి ముఖాలూ చూశాను. మా ఆయన ఇక దగ్గడం లేదు. దగ్గి లాభం లేని దశకు వచ్చేశాడు.

గిర్దావరు సాబ్ ముందు భుజాలు కదిలించాడు, తర్వాత గడ్డం కదిలింది, చివరికి తలపాగా ఊడిపోయేట్టు నవ్వాడు. నవ్వి, చెయ్యి కడుక్కుని, "పద బిడ్డా, గా నీళ్లు నాకు గుడ చూపియ్యి," అన్నాడు. నాకు ఎంత గర్వమో! ముందు నేను, వెనక సాబ్, ఆ వెనక శవం వెంట నడిచినట్టు మా ఆయన. నేను కూర్చుని చేతులతో ఎండుమట్టి తోసి తవ్వాను. నీళ్లు బుడబుడ ఊరాయి. ఆ నీళ్లలోంచి ఒక కప్ప లేచి, సాబ్ చెప్పుల జోడు మీదికి దూకి, జాగా తనదే అన్నట్టు కూర్చుంది.

"ఇగ సాక్షి గుడ వచ్చింది," అన్నాడు సాబ్. "నువ్వు చెప్పకుంటె ఇజాజత్ రాసేటోన్ని. మంచి వాన పడితె మీ మంచం చెరువుల తేలుతుండె. గీడ ఇల్లు వద్దు."

ఆయన గుర్రం మలుపు తిరిగిందో లేదో మా ఆయన గొంతు లేచింది.

"నేను తుంగ కోయిస్తి! బొర్రెలు మూస్తి! అన్ని దాస్తి! దాసినవన్ని తెచ్చి ఆయన విస్తట్ల ఏస్తివి గదనే!"

"మరి ఉత్తగ పారేస్తరా?" అన్నాను.

"నా కొడుకు జాగకు ఉప్పుకారం పెట్టి తినిపిచ్చింది," అంది మా అత్త. "గుర్రానికింత పెట్టకపోతివా పిల్లా? అది గుడ ఇంకేమన్న అడుగుతుండె."

ఆ రాత్రి తడక సందులోంచి దూడ మూతి పెట్టింది. మా ఆయన దాన్ని నెట్టలేదు. ఇక చేసేదేముంది, అదీ ఇంటిమనిషే.

వానలు పోయాక ఆయన ఇంకో జాగా చూశాడు. ఊరికి ఇంకో పక్క, గుట్ట కింద, రాళ్ల నేల. అది సర్కారు నేల కాబట్టి మళ్లీ గిర్దావరు సాబ్ వచ్చి చూడాలి. ఈసారి మా ఆయన నాతో ఎంత ప్రేమగా మాట్లాడాడంటే నాకు అనుమానం రావలసింది, రాలేదు.

"మీ అవ్వను చూసి శాన రోజులాయె గద. పోయిరా," అని బండెక్కించి జుక్కల్ పంపించాడు. మురుకులు కూడా కట్టించాడు.

పుట్టింట్లో హాయిగా ఉన్నాను. కొన్నాళ్లకు చూస్తే, ఒంటినిండా దుమ్ముతో ఆయనే వాకిట్లో నిలబడ్డాడు.

"సాబ్ రాలేదా?" అన్నాను.

"వచ్చిండు."

"జాగ చూడలేదా?"

"చూసిండు."

"మరి రాసిండా?"

ఆయన గడప మీద కూలబడ్డాడు. "కోడలు యాడున్నదని మా అవ్వనడిగిండు. అవ్వగారింటికి పోయిందంటె, 'అయితె ఆమె వచ్చినంకనే రాస్త. మీ ఇంట్ల జాగ సంగతి చెప్పేది ఆ పిల్ల ఒక్కతే' అన్నడు. నడువ్!"

దారి పొడుగునా బండిలో నాకు పాఠం.

"ఈడ ఏం దొరుకుతది అంటె?"

"ఏం దొరకది."

"ఏముంటయి అంటె?"

"ఏముండయి."

"నీళ్లు?"

"లెవ్వు."

ఎద్దులకు కూడా వచ్చేసింది ఆ పాఠం.

మేము చేరామని తెలిసి సాబ్ మళ్లీ వచ్చాడు. గుట్ట కింద నన్ను చూసి నవ్వాడు. "చెప్పు బిడ్డా. ఈడ ఏం దొరుకుతది?"

"ఏం దొరకది సాబ్."

"ఏం దొరకదా?" ఆయన ముఖం చిన్నబోయింది. "ఆకు లేదు, గడ్డ లేదు? గీ రాళ్ల కింద గుడ ఏం లెవ్వా?"

పెదవులు బిగబట్టాను. మా ఆయన సాబ్ వెనక నిలబడి నాకు రెండు చేతులూ జోడించాడు. కానీ దారి పొడుగునా మూసిన మాటలన్నీ గొంతులో బుడబుడమంటున్నాయి, చెలిమె నీళ్లలా.

"తేళ్లున్నయి సాబ్! చూపియ్యన్నా?"

అడగడం ఎందుకు, అప్పటికే రాయి లేపేశాను. కింద ఎర్రతేళ్లు తోకలెత్తి మాకు సలాం చేశాయి. గిర్దావరు సాబ్ ఆ వయసులో ఒక్క దూకుతో బండరాయి ఎక్కాడు. మా ఆయన నెత్తి పట్టుకుని కూర్చున్నాడు. రెండో ఇల్లు కూడా పోయింది.

కానీ రోగం రోగమే కదా. సాబ్ బండ మీద నుంచే మెడ చాపాడు.

"బిడ్డా, గీ తేళ్లు తడి నేలల ఉంటయా?"

"ఉండయి సాబ్. మా జుక్కల్ దిక్కు గుడ గిట్లనే. బాగ ఎండిన రాళ్ల కిందనే ఉంటయి."

"ఎండిన నేల!" అని కర్ర పైకెత్తి అరిచాడు సాబ్. "ఇజాజత్! ఇచ్చిన! ముందుగాల గా రాయి మూయి!"

అట్లా మాకు తలుపున్న అర్ర వచ్చింది. గడపకు పసుపు రాసిన రోజున, చేతిలో దీపం పట్టుకుని, మా ఆయన ఎదుట నేను ఒట్టు పెట్టుకున్నాను. ఈ జన్మలో ఏ అధికారి ఎదుటా ఏది ఎక్కడుందో నోరు విప్పి చెప్పను. కూర అయినా, నీళ్లయినా, పురుగయినా సరే.

ఆ ఒట్టు నేటికీ తప్పలేదు. మొన్న కరెంటు మీటరు చూడటానికి వచ్చిన పిల్లవాడు పెట్టె వెనక చెయ్యి పెట్టబోయాడు. అక్కడ ఇంత పొడుగు తేలు.

"అవ్వా! ఉన్నదని చెప్పలేదా?" అంది రాయడం ఆపి మనవరాలు.

"ఒట్టు ఒట్టే బిడ్డా. నోరు తెర్వలే. చీపురు వాని చేతికిచ్చిన."