నోయెలీ కుర్చీలు మోసిన మధ్యాహ్నం

ఫ్రాన్సు దక్షిణాన ఆ చిన్న ఊళ్లో నోయెలీ కాపురానికి వచ్చేనాటికే అత్తవారి హోటలు ముందు ఇనపరేకు కుర్చీలు ఉన్నాయి. మొగుడు పోయాక హోటలూ కుర్చీలూ ఆవిడ నెత్తినే పడ్డాయి. ఏటా చలికాలంలో ఒక్కోదాన్నీ గీకి ఆలివ్ ఆకు రంగు వేసుకునేది. వేసవిలో లోపల కూర్చుని తినే పిచ్చివాడెవడు? బయట బల్లలు లేకపోతే హోటలే లేదు.

అయితే ఇనపకుర్చీకీ రాతినేలకీ ఎప్పుడు పడింది గనక! భోజనాలయ్యాక హోటలు ముందరి చౌకును ఇనపబంతుల ఆటవాళ్లకు వదలాలి. కుర్చీల్ని ఒకదాంట్లో ఒకటి దొంతి పెడుతుంటే ఖంగుఖంగుమంటాయి. సరిగ్గా అదే వేళకు పై అంతస్తులో మదాం ఫాబ్రెగ్ ముసలి మొగుణ్ణి పడుకోబెడుతుంది. ఏళ్ల తరబడి కిటికీలోంచి తిట్టి తిట్టి, చివరికి మునిసిపాలిటీకి ఎక్కింది. అక్కడి ఉద్యోగి ఇవాళ ఆ కిటికీ దగ్గరే నిలబడి వింటానన్నాడు. మోత వినిపిస్తే బయట బల్లలకు అనుమతి రద్దు.

నోయెలీ వంటవాణ్ణి చెయ్యి వెయ్యనివ్వలేదు. వాడి చేతిలో చెంచా కూడా అరుస్తుంది. కుర్చీకీ కుర్చీకీ మధ్య గుడ్డ వేసి, ఈడ్చకుండా ఎత్తి, ఊపిరి బిగబట్టి మోసింది. వెధవ నడుము, ఇవాళే పట్టెయ్యాలా? పైనుంచి రెండు తలలు ఆవిడ చేతులకేసే చూస్తున్నాయి. చిన్న చప్పుడు కూడా లేదు. మదాం మొహం మాడిపోయింది.

ఆఖరి దొంతి ఎత్తుకున్నప్పుడే పక్కనున్న మెట్ల తలుపు తెరుచుకుంది. నిద్రపోతూ ఉండాల్సిన ఎమిల్ ఫాబ్రెగ్ ఒక చేత్తో చెప్పులూ ఇంకో చేత్తో బంతుల సంచీ పట్టుకుని, దొంగలా అడుగు బయటపెట్టాడు. మేజోళ్లతో కాలు జారింది. ముసలాయన రాతిమెట్టు మీదికి తూలాడు.

దొంతి దించే వ్యవధి లేదు. నోయెలీ వదిలేసింది. చౌకంతా దద్దరిల్లింది. ఆయన్ని పట్టుకుని తనూ కూలబడింది. హోటలు పోయింది, అంతే, అనుకునేసరికి ఏడుపొచ్చింది. అయినా ఆయన తల కింద నుంచి చెయ్యి తియ్యలేదు.

"మా ఆవిడకి చెప్పకమ్మాయ్," అని గొణిగాడు ఎమిల్. "రోజూ నీ కుర్చీలు మోగుతుంటే, అది కిటికీలో నిన్ను తిడుతుంటే, నేను ఆటకి జారుకునేవాణ్ణి. ఇవాళ చప్పుడే లేదాయె. చెప్పులు విప్పి దిగాల్సొచ్చింది."

నోయెలీ తల తిప్పి చూస్తే మదాం మెట్ల మీదే నిలబడి అంతా వింటోంది. వెనక ఉద్యోగి. ఆవిడ మొగుడి కాళ్లకేసి, సంచీకేసి చాలాసేపు చూసింది.

ఫిర్యాదు సంగతేమిటని ఉద్యోగి మెల్లగా అడిగాడు.

"వెనక్కి తీసుకుంటున్నా," అంది మదాం. తర్వాత నోయెలీ వైపు తిరిగింది. "రేపట్నుంచి గట్టిగా మోగించు. చెప్పులేసుకుని దిగుతాడు."