దయ్యాల గుహ మీద అనుమానం

సుల్తాన్‌పూర్‌లో సిరంజీలు తయారుచేసే మా కంపెనీలో షిఫ్టు ఇన్‌ఛార్జి ఒకాయన ఉండేవాడు. ఎవరేం చెప్పినా ఎడమ కన్ను సగం మూసి, "ఇండ్ల ఏదో మతలబు ఉన్నది" అనేవాడు. క్యాంటీన్లో స్వీటు పెట్టినా అదే మాట.

రింగు రోడ్డు అవతలి పార్కులో పాత దయ్యాల గుహ రైడును అంతరిక్ష యాత్రగా మారుస్తున్నారని తెలిసిన రోజు కంపెనీ బస్సులో పెద్ద వాదన నడిచింది. మార్చడమే మంచిదని చాలామంది అన్నారు.

"దయ్యాలను ఎల్లగొట్టి రాకెట్లు పెడ్తరా? ఇది జాగ అమ్ముకునే ప్లాన్," అన్నాడాయన.

"నీకెందుకన్నా గంత పరేషాన్?" అని అడిగాను.

ఆయన గొంతు తగ్గించాడు. "పెండ్లయినంక మీ వదిన నాతోని సరిగ మాట్లాడలే. ఆ గుహల దయ్యం బొమ్మ మీదికొస్తే భయపడి, 'జెర దగ్గర కూసోండ్రి' అన్నది. గప్పటి సంది మాట కలిసింది."

కొత్త రైడు తెరిచాక కుటుంబాలతో వెళ్లాం. ఆయన సీటు బెల్టును లాగిలాగి చూసి గాని కూర్చోలేదు. బయటికొచ్చేటప్పుడు వదిన పగలబడి నవ్వుతోంది. ఆయన ముఖంలో మాత్రం నవ్వు లేదు.

"ఎట్లున్నదన్నా?"

"మస్తున్నది. గందుకే నమ్మబుద్ధయితలేదు," అని, వదినను వెంటబెట్టుకుని మళ్లీ వరుసలో నిలబడ్డాడు.